స్మృతి డబ్బాలో పడిన మేస్టారు

మా కంప్యూటర్ మేస్టారు పోయారు. ఈసారి నిజం.

ఈసారి అని ఎందుకు రాయాల్సి వచ్చిందో భిలాయి తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. మొన్న మంగళవారం పొద్దున్న ఆయన క్లాసుకి బయల్దేరుతూ, చెప్పులు తొడుక్కోడానికి కుర్చీలో కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు. పక్కింటాయన నాకు ఫోన్ చేసి హిందీలో చెప్పాడు. నేను తెలుగు సంఘంలో నాకు తెలిసిన వాళ్ళందరికీ ఫోన్ చేశాను. సగంమంది ముందు అడిగిన మాట ఒకటే: "సరిగ్గా చూశావా? మళ్ళీ తప్పు డబ్బాలో పడిందేమో." ఒకాయన నవ్వాడు కూడా. చావుకబురు విని నవ్వే మనుషులుంటారా అని మీరు అడగొచ్చు. మా మేస్టారి విషయంలో ఉన్నారు, దానికి కారకులు ఆయనే.

ఆయన దగ్గర చదువుకున్నదాన్ని, తర్వాత ఆయన కిందే పాఠాలు చెప్పినదాన్ని. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆయనైతే ఆ మాట అన్నవాణ్ణి క్లాసు బయట నిలబెట్టేవారు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

భిలాయిలో సుపేలా మెయిన్ రోడ్డు మీద మందుల షాపు పైన మా ఇన్‌స్టిట్యూట్. అప్పటికి రాష్ట్రం కొత్తగా వచ్చింది. రాయపూర్ రాజధాని అయింది కదా, ఇంక ఉద్యోగాలకి కొదవుండదని స్టీలు ప్లాంటులో పనిచేసేవాళ్ళ పిల్లలమంతా ఏదో ఒక కంప్యూటర్ కోర్సులో చేరిపోయాం. మేస్టారిది క్యాంప్ 2, ప్లాంటు కూలీల బస్తీ. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. శ్రీకాకుళం మాట నోట్లోంచి పోలేదు, పోనివ్వలేదు. తెల్లచొక్కా, జేబులో దువ్వెన, మొహం మీద ఎప్పుడూ ఒక అసహ్యం. పెళ్ళి కాలేదు. ఆ నోటికి పిల్లనెవరిస్తారని కేంపులో అనుకునేవారు.

అప్పట్లో వెబ్ పేజీలో చిన్న మార్పు కావాలన్నా పేజీ మొత్తం తెల్లబడిపోయి మళ్ళీ మొదటినుంచి వచ్చేది. సుపేలా నెట్ కేఫుల్లో ఆ తెల్లతెర ముందు కూర్చుని జనం ఆవలించేవాళ్ళు. అలా అక్కర్లేదని, జావాస్క్రిప్టుతో సర్వర్‌ని వెనకనుంచి అడిగి, అది పంపిన చిన్న హెచ్‌టీఎంఎల్ ముక్కని పేజీలో మనకి కావలసిన డబ్బాలో పెట్టెయ్యొచ్చని మాకు మొదట చెప్పింది ఆయనే. బోర్డు మీద ఒక్క అక్షరం రాయకుండా చెప్పారు.

"హోటల్‌కెళ్ళావు. ఇడ్లీ తింటన్నావు. చట్నీ అయిపోనాది. సర్వర్ ఏటి చేస్తాడు? చట్నీ తెచ్చి నీ ప్లేట్లో ఏస్తాడు. అంతేగానీ టేబులూ కుర్చీలూ నిన్నూ రోడ్డు మీదకి ఈడ్చీసి, మల్లీ కొత్తగా హోటల్ కడతాడా?"

ఎవరో నవ్వారు. నవ్వినవాడితో ఆ రోజంతా మాట్లాడలేదు.

సర్వర్ పంపేదాన్ని ఆయన ముక్క అనేవారు. పేజీలో అది పడే చోటు డబ్బా. "ముక్క పెద్ద సంగతి కాదు. ఏ ప్లేట్లో ఏస్తన్నావన్నదే సంగతి. పక్కోడి ప్లేట్లో ఏసీవనుకో, తన్నులు తింటావు." ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో చెప్పలేను. చివరికి ఇదే ఆయన మెడకి చుట్టుకుంది.

ఇంకో పాఠం నా మీదే చెప్పారు. డబ్బాలో కొత్త ముక్క పెట్టేటప్పుడు, చేర్చమని చెప్పకుండా ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ ఈక్వల్ టు అని రాశామంటే లోపల అంతవరకూ ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తప్పు చేశాను. మేస్టారు నా బెంచీ దగ్గరికి వచ్చి నా టిఫిన్ డబ్బా అందుకున్నారు.

"ఇదేటి?"

"డబ్బా సర్."

"లోపలేటుంది?"

"అన్నం, వంకాయ కూర."

మూత తీసి, మా అమ్మ పొద్దున్నే లేచి వండి పెట్టినదంతా చెత్తబుట్టలోకి తిరగేశారు. ఖాళీ డబ్బాలో చాక్‌పీసు వేసి, మూత పెట్టి నా చేతికిచ్చారు. "ఇప్పుడేటుంది? చాక్‌పీసు. అన్నమేదీ? చేర్చమన్లేదు నువ్వు. ఈక్వల్ టు అన్నావు. ఏటే గుంటా, బుర్రకెక్కిందా?"

ఎక్కింది. ఆ మధ్యాహ్నం ఆకలి నాకింకా గుర్తుంది. దానికి ఆయన్ని నేను క్షమించలేదు, ఇప్పుడు పోయారు కదాని క్షమించబోవడం లేదు. కానీ ఇవాళ్టికీ ఆ ఈక్వల్ టు రాసే ముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం వల్లే నాలుగు చోట్ల నన్ను పిలిచి పని ఇస్తున్నారు. అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను. ఈ రెండూ ఒక మనిషికే చెందడం నా ఖర్మ.

ఆయనకి లోకంలో ఉన్న ఒకే ఒక్క మనిషి వాళ్ళప్ప. అక్కని మా వైపు అప్ప అంటారు. తల్లి చిన్నప్పుడే పోతే ఆవిడే పెంచింది. క్యాంప్ 2 సందుల్లో ఎండుచేపలు అమ్మింది. ఊరినుంచి రైల్లో గోనెసంచుల్లో వచ్చే మెత్తళ్ళూ సావిళ్ళూ వాకిట్లో ఆరబోసి, వాటి పక్కనే తమ్ముణ్ణి కూర్చోబెట్టి చదివించింది. ఆయన అంత చదువూ ఆ వాసనలోనే చదువుకున్నారు.

తర్వాత స్మృతి నగర్‌లో సొంత ఇల్లు తీసుకున్నారు. గృహప్రవేశానికి మేమంతా వెళ్ళాం. ఇన్‌స్టిట్యూట్ ఓనరు, హిందీవాళ్ళు, ఇస్త్రీ నలగని బట్టలవాళ్ళు కొత్త సోఫాలో కూర్చున్నారు. వాళ్ళప్ప ఆటో దిగి, చంకలో ఒక పొట్లంతో లోపలికొచ్చింది. తమ్ముడికి ఇష్టమని ఏరి కట్టిన మెత్తళ్ళు. గదంతా ఒక్కసారి ఆ వాసన. ఓనరు భార్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

మేస్టారు అది చూశారు. చూసి, అందరికీ వినపడేలా అన్నారు: "అప్పా, కేంపు కంపు కేంపులోనే వదిలీసి రావల్సింది."

కేంపు, కంపు. మాట భలే కుదిరిందని ఆయన మొహంలో కనిపించింది. తెలుగు వచ్చినవాళ్ళం కొందరం నవ్వాం. హిందీవాళ్ళకి ఎవరో అర్థం చెబితే వాళ్ళూ నవ్వారు. వాళ్ళప్ప పొట్లం కింద పెట్టలేదు. వచ్చిన దారినే వెనక్కి నడిచి, గేటు దగ్గర ఆగి అంది: "ఒరే. ఇంక నీ సావుకే ఒత్తాను నీ ఇంటికి."

అన్నం తినకుండా వెళ్ళిపోయింది. మేస్టారు మాకు జిలేబీ వడ్డించారు. కోపంలో అందరూ అనే మాటేగా అది, రెండ్రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాం. సర్దుకోలేదు. దసరాకి ఆయన వెళ్ళి తలుపు కొడితే తియ్యలేదట. ఆ సంగతి ఆయనే నాతో అన్నారు, ఎవరో పరాయివాళ్ళ సంగతి చెప్పినట్టు.

ఇప్పుడు అసలు కథకొస్తాను. మా తెలుగు సంఘం సైటు రాసింది మేస్టారే. తెలుగు అక్షరాలు పెడితే కేఫుల్లో ఖాళీ గళ్ళుగా కనిపించేవి కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళం. మొదటి పేజీలో నాలుగు డబ్బాలు: కొత్త సభ్యులు, చిరునామా మార్పులు, పెళ్ళి సంబంధాలు, నల్ల అంచుతో స్మృతి. పోయినవాళ్ళ పేర్లు ఆ ఆఖరిదాంట్లో వస్తాయి. దాని కింద సంతాపం రాసే చోటు. కొత్త కబురేదొచ్చినా సర్వర్ ఒక ముక్క పంపుతుంది, పేజీ కదలకుండానే ఆ ముక్క తన డబ్బాలో వచ్చి కూర్చుంటుంది. ఊళ్ళో అది చూసి మురిసిపోయారు.

ఏ ముక్క ఏ డబ్బాదో తెలిసేదెలా? ముక్క మీద గుర్తు వేసి పంపాలి. మాకు ఆయన నేర్పింది అదే. తను మాత్రం పొట్టిగా అయిపోయేలా రాశారు: ముక్కలో ఎక్కడైనా స్మృతి అన్న మాట కనిపిస్తే స్మృతి డబ్బాలో పడెయ్యి. మాలో ఎవరైనా అలా రాసుంటే తోలు ఒలిచేసేవారు. కానీ నెలల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకంటే అప్పటివరకూ స్మృతి నగర్ నుంచి ఎవరూ అందులో పేరు రాయలేదు.

మొదట రాసింది ఆయనే. ఇల్లు మారాక ఒకరోజు పొద్దున్న తన చిరునామా మార్చుకున్నారు. "కంప్యూటర్ మేస్టారు క్యాంప్ 2 వదిలి వెళ్ళిపోయారు. ఇకమీదట స్మృతి నగర్" అని రాసి బటన్ నొక్కారు.

నేను ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకి ఆ పేజీనే చూపిస్తున్నాను. నా కళ్ళముందే నల్ల అంచు డబ్బాలో ఆయన పేరు వచ్చి కూర్చుంది. వెళ్ళిపోయారు అన్న దాకా చదివాను, తర్వాతిది చదవలేదు. ఎవరూ చదవలేదు. చదివినవాళ్ళకి కూడా అది పోయినవాళ్ళ అడ్రసుగానే కనిపించింది. క్లాసు వదిలేసి ఆటో ఎక్కాను. దారిలో ఏడ్చాను కూడా. ఆ టిఫిన్ డబ్బా ఒక్కటే మాటిమాటికీ కళ్ళముందుకొచ్చింది.

స్మృతి నగర్‌లో తలుపు తీసే ఉంది. మేస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని టీ తాగుతున్నారు.

"అరవకు," అన్నారు వెనక్కి చూడకుండా. "తెలుసు. ముక్క తప్పు డబ్బాలో పడింది."

"మరి తియ్యలేదేం సర్?"

"ఆగు. కూర్చో."

సంతాపాలు ఒకటొకటీ వచ్చి ఆయన పేరు కింద చేరుతున్నాయి. ఆయన పైకి చదివి మార్కులు వేస్తున్నట్టు తల ఊపుతున్నారు. "చాలా స్ట్రిక్ట్ సర్, ఇప్పుడు దేవుడికి క్లాసు తీసుకుంటారు" అని ఒకడు. "భగవాన్ సర్ కీ జుబాన్ కో శాంతి దే" అని ఇంకొకడు. ఆయన నోటికి శాంతి కలగాలని దేవుణ్ణి కోరుకున్నాడు వాడు. మేస్టారు ఆ రెండో దాని దగ్గర ఆగి, "శాంతికి స్పెల్లింగు రాదు ఎదవకి," అన్నారు.

"సర్, జనం ఏడుస్తారు. తీసెయ్యండి."

"ఒక్క లైను. ఎంతసేపు? తీసేస్తాను." కప్పు కింద పెట్టారు. "నా సావుకొస్తానంది కదా అప్ప. సూద్దాం."

అప్పటికి అర్థమైంది. ఆయన ఆ సంతాపాల కోసం కూర్చోలేదు. వాళ్ళప్పకి చదువు రాదు, ఆవిడ ముక్క ఏ డబ్బాలోనూ రాదు. ఆయన చెవులు గేటు మీద ఉన్నాయి.

కేంపులో ఎవరిదో కొడుకు నాగ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ సైటు చూసి ఇంటికి ఫోన్ చేశాడు. ఆ తల్లి పరుగున వెళ్ళి వాళ్ళప్పకి చెప్పింది. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. ముందు వినపడింది ఏడుపు. ఆటో ఇంకా ఆగకముందే వీధి చివర్నుంచి వినపడింది.

"ఓలబ్బో, నా తమ్ముడో... ఉప్పుచేప కాల్చి పెడితేగానీ ముద్ద దిగని తమ్ముడో... నాకంటే ముందెల్లిపోనావా నా నాయినో..."

మేస్టారి మొహంలో అలాంటి సంతోషం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, చిన్నపిల్లాడిలా ఉన్నారు. లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు.

ఆవిడ గేటు తోసుకుని వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, చేతిలో మడత విప్పని కొత్త తెల్లగుడ్డ. శవం మీద కప్పడానికి అయినవాళ్ళు తెచ్చేది. తమ్ముడికి ఇంకెవరూ లేరు కాబట్టి ఆవిడే తేవాలి. మెట్టు మీద కాలు పెట్టి తలెత్తింది. ఏడుపు ఆగిపోయింది.

"అప్పా, ఒచ్చేవా," అన్నారు మేస్టారు. నవ్వుతున్నారు. "కంప్యూటర్ తప్పప్పా. నాకేటీ అవ్వలేదు. పొద్దున్నే సూసేను. నువ్వొస్తావో రావోనని అలాగ ఉంచీసేను."

"పొద్దున్నే సూసేవా?"

"సూసేను."

"నానేడుత్తుంటే ఇన్నావా?"

ఆయన నవ్వు కొంచెం తగ్గింది. "లోపలికి రా అప్పా. టీ తాగు."

"నానొచ్చింది నువ్వు సచ్చిపోనావని. బతికున్నావని తెలిస్తే ఒచ్చీదాన్ని కాదు." ఆవిడ గొంతు పెంచలేదు. లోపలికి నడిచి, గుడ్డని ఆయన కంప్యూటర్ కుర్చీలో పెట్టింది. "సావుకి తెచ్చిన గుడ్డ ఎనక్కి పట్టుకెల్లకూడదు. ఉంచుకో, నీదే. ఏడవాల్సింది ఏడ్సీసినాను. మల్లీ ఏడవడానికి నాకాడ లేదు."

నా వైపు కూడా ఒకసారి చూసింది. ఆ చూపుని ఎవరికీ కోరుకోను. వచ్చిన ఆటో ఇంకా అక్కడే ఉంది, ఎక్కి వెళ్ళిపోయింది.

మేస్టారు ఆటో వెళ్ళాక గేటు వేశారు. తర్వాత వచ్చి, గుడ్డని పక్కకి పెట్టి, కూర్చుని ఆ ఒక్క లైనూ రాశారు. స్మృతి డబ్బాలోంచి ఆయన పేరు మాయమైంది. "పో, క్లాసు తీస్కో," అన్నారు నాతో.

పేజీలోంచి పోయింది గానీ ఊళ్ళోంచి పోలేదు. సుపేలాలో కూరలమ్మే ఆవిడ ఆయన్ని చూసి తక్కెడ వదిలేసింది. పిల్లలు వెనకాల స్వర్గీయ సర్ అని పిలవడం మొదలెట్టారు. ఆయన వినేవారు. ఇంతకు ముందైతే చీల్చి చెండాడేవారు, ఇప్పుడు విననట్టు పోయేవారు. ప్రతి ఆదివారం క్యాంప్ 2 వెళ్ళి వాళ్ళప్ప గుమ్మం బయట అరుగు మీద కూర్చునేవారు. ఆవిడ లోపల తన పని తను చేసుకునేది. పక్కింటావిడ ఒకసారి, పాపం, పలకరించొచ్చు కదా అందట. "సచ్చిపోనోడితో మాటలాడతారేటి?" అందట ఆవిడ, ఆయనకి వినపడేలా. మాటతో మనిషిని కొట్టడంలో మేస్టారికి గురువెవరో అప్పుడు తెలిసింది నాకు.

ఆ తెల్లగుడ్డని ఆయన మానిటర్ మీద కప్పేవారు. భిలాయిలో ప్లాంటు దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. రోజూ పొద్దున్న గుడ్డ తీసి మడతపెట్టి, పని అయ్యాక మళ్ళీ అదే మడతల మీద కప్పేవారు. ఉతకమని నేను ఒకసారి అన్నాను. "కొత్తగుడ్డ, ఉతికితే పాతదయిపోద్ది," అన్నారు. దుమ్ము పట్టిన గుడ్డ కొత్తదెలా అవుతుందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మంగళవారం ఆయన పోయిన కబురు సైట్లో పెట్టింది నేనే. బటన్ నొక్కి నల్ల అంచు డబ్బాకేసి చూశాను. అందులో ఏమీ రాలేదు. పేజీ పైన చిరునామా మార్పులు అన్న డబ్బాలో వచ్చి కూర్చుంది: కంప్యూటర్ మేస్టారు కన్నుమూశారు. అందుకే మరి, ఫోన్లలో ఆ ప్రశ్నలూ ఆ నవ్వులూ. కోడ్ తెరిచి చూశాను. ఆ రోజు ఆయన రాసిన ఒక్క లైను అలాగే ఉంది. తప్పుని సరిచెయ్యలేదు ఆయన. తన పేరున్న ముక్క ఏదైనా స్మృతి డబ్బాలోకి పోకూడదు, చిరునామాల్లోకి పోవాలి అని మాత్రం రాశారు. మాకెవరికైనా అయితే ఆ లైనుకి వారం రోజులు తిట్లు. నేను దాన్ని తీసేశాను, కబురు నల్ల అంచు డబ్బాలోకి మారింది. అప్పుడుగానీ ఆయన పోలేదు.

తర్వాత క్యాంప్ 2 వెళ్ళాను. వాళ్ళప్ప వాకిట్లో బియ్యం ఏరుతోంది. చెప్పాను. చాట పక్కన పెట్టలేదు.

"నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా. నేను ముట్టుకుని చూసొచ్చాను. ఆటో ఉంది, రండి."

"సావుకొత్తానన్నాను. ఒచ్చినాను. ఒకడి సావుకి ఎన్నిసార్లొత్తారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయన ప్రతి ఆదివారం మీ గుమ్మంలో కూర్చున్నారు. మీరు చూస్తూనే ఉన్నారు," అన్నాను.

"సూసినాను. ఆడూ సూసేడు కదా కుర్చీలో కూకుని, నాను రోడ్డంతా ఏడుసుకుంటా ఒత్తుంటే." చాటలోంచి రాళ్ళతోపాటు బియ్యం గింజలు కూడా ఏరి పారేస్తోంది. ఆ సంగతి ఆవిడకి తెలిసినట్టు లేదు. "గుడ్డ కూడా ఇచ్చీసినాను. ఆడికాడే ఉంటాది. అదే కప్పండి. ఎల్లు."

వచ్చేశాను. స్మృతి నగర్ ఇంట్లో పట్టుమని పదిమంది లేరు. ఇంకా కొందరు నమ్మలేదు, కొందరు నమ్మి కూడా రాలేదు. అయినవాళ్ళ గుడ్డ ఏదని అడిగారు. నేను గదిలోకి వెళ్ళి మానిటర్ మీద గుడ్డ తీసుకొచ్చాను. మడతల దగ్గర ఇంకా కొత్త తెలుపు. నడుమ మానిటర్ నెత్తి మేర పలకలాంటి ఎర్రదుమ్ము మరక.

కప్పాం. ఆ మరక సరిగ్గా ఆయన గుండెల మీదికి వచ్చింది. పాడె లేపినప్పుడు గాలికి గుడ్డ కొంచెం కదిలి, ఆ దుమ్ము మోసేవాళ్ళ తెల్లచొక్కాల భుజాల మీద పడింది.